నల్లంచు పెట్టి మరీ పిలిచాను

నేను న్యూరోసర్జన్ని. అంటే మనుషుల తలకాయ తెరిచి, లోపల బాగు చేయాల్సింది బాగు చేసి, మళ్లీ మూసేవాణ్ని. ఇన్నేళ్లలో ఎన్నో తలకాయలు చూశాను గానీ, తొంభైల మొదట్లో నా భుజాల మీదున్న తలకాయలో ఏముండేదో మాత్రం ఇప్పటికీ అంతుచిక్కలేదు. అప్పట్లో నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని వల్ల సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల పల్లెల్లో ఏడుపులు మొదలయ్యాయి, మా అత్తమ్మ నెలరోజులు నాతో మాట్లాడటం మానేసింది, నా పరిశోధన మాత్రం సముద్రాలు దాటింది. ఎలాగంటారా? చెబుతాను. నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. ఎలాగూ నవ్వుతారు, నా అనుమతితో నవ్వితే నాకు కాస్త మర్యాద.

ముందు నా జబ్బు గురించి చెప్పాలి. హైదరాబాదులో నేను పనిచేసే ఆస్పత్రి లైబ్రరీలో ఒక మూలన లావుపాటి పుస్తకాల వరస ఉండేది. ప్రపంచంలో ఏ డాక్టరు రాసిన పరిశోధనా వ్యాసాన్ని ఎవరెవరు తమ వ్యాసాల్లో పేర్కొన్నారో అందులో అచ్చేస్తారు. సైటేషన్లు అంటారు వాటిని. అక్షరాలు చీమ తలకాయంత ఉండేవి. మా ప్రొఫెసర్ గారి పేరు కింద అర పేజీ నిండా సైటేషన్లు ఉండేవి. నా పేరు కింద ఒకే ఒక్కటి ఉండేది. అది కూడా ఎవరిదో కాదు, నాదే. నా రెండో వ్యాసంలో నా మొదటి వ్యాసాన్ని నేనే పేర్కొన్నాను.

కొత్త సంపుటం వచ్చిందని తెలిస్తే చాలు, భూతద్దం పట్టుకుని పరుగెత్తేవాణ్ని. పదో తరగతి ఫలితాల్లో నంబరు వెతుక్కునే కుర్రాడిలా పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికేవాణ్ని. లైబ్రేరియన్ నన్ను చూసి జాలిగా, "పోయినసారి చూసిన పేజీయే కదండీ ఇది?" అనేవాడు. ఒకసారైతే నా ఇంటిపేరున్న జపాన్ డాక్టరు దొరికినా బాగుండునని చూశాను. దొరకలేదు.

అలాంటి రోజుల్లో నాకొక అంశం తట్టింది. నేను సూర్యాపేటవాణ్ని. మా వైపు తాటిచెట్లెక్కే గీతకార్మికులు ఏటా ఎంతోమంది చెట్టు మీంచి పడి, తలకు దెబ్బ తగిలి మా ఆస్పత్రికి వచ్చేవారు. లోపల గడ్డకట్టిన రక్తం తీసేసేవాణ్ని. చాలామంది నడుచుకుంటూ ఇంటికి వెళ్లేవారు. తాటిచెట్టు మీంచి పడ్డవారి తలల గురించి ప్రపంచంలో ఎవరైనా రాశారా? వెతికాను. నాకు తెలిసినంతలో ఎవరూ రాయలేదు. నా ఆనందం మీరు ఊహించుకోలేరు. పాపం, మనిషి తల పగిలిందంటే డాక్టరుకు ఆనందమేమిటని తిట్టకండి, పరిశోధన అలాంటిదే.

మూడేళ్లలో నలభై మందికి పైగా ఆపరేషన్లు చేశాను. వ్యాసం రాసి ఒక విదేశీ పత్రికకు పంపాను. నాలుగు నెలలకు జవాబొచ్చింది. "మీ పని బాగుంది. కానీ ఆపరేషన్ తర్వాత వీళ్లంతా ఏమయ్యారు? ఇప్పుడెలా ఉన్నారు? అందరినీ మళ్లీ పరీక్షించి రాస్తే పరిశీలిస్తాం. లేకపోతే లేదు." గడువు మూడు నెలలు.

ఉత్తరం తీసుకుని ప్రొఫెసర్ గారి దగ్గరకెళ్లాను.

"ఎంతమంది వస్తారంటావు?" అన్నారాయన.

"మామూలు పోస్టుకార్డులు రాశాను సార్. ఇద్దరు వచ్చారు. అందులో ఒకాయన పింఛను కాయితం మీద సంతకం కోసం వచ్చాడు."

"అయితే నీ వ్యాసం ఖతం," అన్నారు తాపీగా. "మనవాళ్లు జబ్బు తగ్గాక డాక్టరు మొహం చూడరు. నేను పాతికేళ్లుగా పిలుస్తున్నాను, సగంమంది కూడా రాలేదు. ఆశ వదులుకో."

ఎలా వదులుకుంటాను? ఆ వ్యాసం పడితే నా పేరు కింద ఇంకొకరి పేరు అచ్చవుతుంది. పడకపోతే, ఈ జన్మకు నన్ను నేనే పేర్కొంటూ బతకాలి.

ఆ రాత్రంతా ఆలోచించి... కాదు, అబద్ధమెందుకు, హాయిగా నిద్రపోయాను. మర్నాడు లైబ్రరీలో ఆ విదేశీ పత్రిక తిరగేస్తుంటే మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఆ పత్రిక అట్టకు చుట్టూ మందంగా నల్లని అంచు. మధ్యలో సంపాదకుడి ఫోటో. ఎంత హుందాగా ఉందనుకున్నారు! మన కార్డులో లోపం ఇదే కదా అనుకున్నాను. పచ్చని పోస్టుకార్డు ఎవడు లెక్కచేస్తాడు? మంచి తెల్ల కార్డు మీద, నల్లంచు మధ్య, నా ఫోటో పడాలి. చదవడం రానివాళ్లు కూడా ఫోటో చూసి, అరే మన సారు పిలుస్తున్నాడని వస్తారు.

ఇక్కడ మీలో కొందరు చదవడం ఆపి నుదురు కొట్టుకుంటున్నారని తెలుసు. కొట్టుకోండి. సూర్యాపేటలో పుట్టి పెరిగినవాణ్ని, చుట్టూ నల్లంచు, మధ్యలో ఫోటో ఉన్న దినకర్మ కార్డులు మా గుమ్మం ముందు వంద చూసి ఉంటాను. అలాంటి కార్డు వస్తే మా అమ్మ ఇంట్లోకి తీసుకురానిచ్చేది కాదు. బయటే చదివి, చింపేసి, కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చేవాళ్లం. ఇది తెలియక చేసిన తప్పు కాదండీ. చదువెక్కువై చేసిన తప్పు.

ఆదివారం సూర్యాపేట వెళ్లాను. ప్రింటింగ్ ప్రెస్సులో యాదగిరి అనే కంపోజిటర్ ఉన్నాడు. నా ఫోటో, విదేశీ పత్రిక, రాసుకొచ్చిన కాయితం బల్ల మీద పెట్టాను. ఫోటో చేతిలోకి తీసుకున్నాడు.

"గీ ఫోటో ఎవలది సారు? మీ అన్నదా?"

"నాదే."

"మీదే?" నన్నూ ఫోటోనూ మార్చి మార్చి చూశాడు.

"అవునయ్యా. ఫోటో సుట్టూత నల్లగ, మందంగ అంచు రావాలె. కార్డు సుట్టూత గూడ. గిదిగో, గిట్ల." పత్రిక అట్ట చూపించాను.

యాదగిరి గబుక్కున లేచి తన కుర్చీ నా వైపు జరిపాడు. "జర కూసోండ్రి సారు. నిలబడకుండ్రి." మంచినీళ్లు తెప్పించాడు. పెద్ద డాక్టరుకు ఇచ్చే గౌరవమని మురిసిపోయి కూర్చున్నాను.

"ఏం బీమారి సారు?" అన్నాడు గొంతు తగ్గించి.

"బీమారేంది? గిదంత రీసెర్చ్."

"గా పేరు ఎన్నడు ఇన్లే. ఎన్నొద్దుల సంది ఉన్నది?"

"మూడేండ్లాయె."

"మందులు లేవా సారు?"

నాకు నవ్వొచ్చింది. గొప్ప మాటేదో చెప్పాలనిపించింది. "మందులకు పొయ్యేది కాదు యాదగిరీ. ఒక్కసారి పట్టుకున్నదంటే మనిషి పొయ్యేదాంక ఇడువది."

అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా మాటలకు అంత బలముందని అప్పటిదాకా నాకు తెలియదు. యాదగిరి కళ్లు తుడుచుకుని కాయితం చదివాడు. నేను రాసింది ఇది: "తమకు మనవి చేయునదేమనగా, రాబోవు ఆదివారం ఉదయం పది గంటలకు సూర్యాపేటలో నర్సింహ గారి రైసు మిల్లు ఆవరణలో జరుగు కార్యక్రమమునకు తమరు కుటుంబ సమేతంగా తప్పక విచ్చేయగలరని ప్రార్థన. భోజన వసతి కలదు." జ్ఞాపకశక్తి గురించి ఇంట్లోవాళ్లను అడగాలి కనుక కుటుంబ సమేతంగా అన్నాను. భోజనం పెడతామంటే వస్తారని భోజనమన్నాను. ప్రతి మాటకూ శాస్త్రీయమైన కారణం ఉంది.

"తారీఖు గూడ మీరే పెట్టుకున్నరా సారు?"

"నేను గాక ఎవరు పెడ్తరు?"

"ఎంత ధైర్నం సారు మీది," అన్నాడు దండం పెడుతూ. "పసుపు పెట్టొద్దు గదా కార్డుకు?"

"పసుపెందుకయ్యా, గిదేమన్న పెండ్లా?"

"కాదు సారు, కాదు." కాసేపాగి, "సారూ, ఒక్క మాట జెప్పనా? ఇంక టైమున్నది గదా. గియ్యాల్నే ఎందుకు..."

"ఏం చెప్పకు. టైమే లేదు నాకు. నేను చెప్పినట్టెయ్యి, మంగళవారానికల్ల పోస్టుల పడాలె."

అచ్చయ్యాక ఎలా ఉందో చూడను కూడా చూడకుండా, చిరునామాల జాబితా అతనికే అప్పగించి హైదరాబాదు బస్సెక్కాను. బస్సు దాకా వచ్చి నా సంచి పట్టుకుని మరీ ఎక్కించాడు యాదగిరి. బస్సు కదిలాక కూడా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

నర్సింహ అంటే మా మేనమామ. సూర్యాపేటలో ఆయనకు మిల్లు, దాని ముందు ధాన్యం ఆరబోసే పెద్ద గచ్చు ఉన్నాయి. నలభై మందిని నడిపించి చూడటానికి అంతకంటే మంచి చోటు లేదు. ఫోన్ చేసి చెప్పాను. "పేషెంట్లు వస్తరు మామా, జర వంట చేయించు. నేను శనివారం పొద్దుగూకేసరికి వస్త."

"రా బిడ్డా, మీ అత్త యాటకూర చేస్తది," అన్నాడు మామ.

శనివారం నేను వెళ్లలేదు. ఆస్పత్రిలో ఏదో అత్యవసరం వచ్చింది. మామకు చెబుదామంటే ఫోన్ కలవలేదు. ఆదివారం పొద్దున్నే బయల్దేరితే దారిలో బస్సు చెడిపోయింది. సూర్యాపేటలో దిగేసరికి పదకొండున్నర. నలభై మందిలో నలుగురైనా మిగిలి ఉంటారా అని గుండె దడదడలాడుతోంది. మోకాళ్ల మీద కొట్టే చిన్న సుత్తి, కాయితాలు ఉన్న పెట్టె చంకలో పెట్టుకుని రిక్షా పిలిచాను.

"నర్సింహ మిల్లుకు పోవాలె."

"దినాలకా సారు?" అన్నాడు రిక్షా ఆయన.

"దినాలేంది?"

"ఆడ దినాలు గదా ఇయ్యాల. పొద్దుగాల సంది గంతమందిని దింపిన. మునగాలోళ్లు, మేళ్లచెరువోళ్లు, నిడమనూరోళ్లు... బస్సులన్ని గా మందితోనే నిండినయ్."

నాకు ఒళ్లు మండింది. ఈ రోజు నా కార్యక్రమం ఉందని తెలిసి, మామ మిల్లును ఇంకెవరి దినాలకో ఇచ్చాడన్నమాట! నా పేషెంట్లను ఎక్కడ నడిపించాలి?

"ఎవరు పోయిండ్రు?" అన్నాను చిరాగ్గా.

"ఎవలో తలకాయ డాక్టరట సారు. పాపం, చిన్న వయసేనట. మస్తు మందిని బతికిచ్చిండట."

తలకాయ డాక్టరా? ఈ చుట్టుపక్కల నేను గాక ఇంకెవరున్నారా అని ఆలోచించాను. కొంచెం అసూయ కూడా కలిగింది. నాకు తెలియకుండా అంతమందిని ఎవడు బతికించాడు?

"ఏం జబ్బట?"

"ప్రెస్సు యాదగిరి చెప్పిండు. రీసెర్చ్ అని కొత్త బీమారట సారు. మూడేండ్లు మనిషిని పీక్క తిన్నదట."

నాకు చెమట పట్టడం అప్పుడు మొదలైంది. మొదట వీపు మీద, తర్వాత అరచేతుల్లో. నల్లంచు. ఫోటో. తప్పక విచ్చేయగలరు. భోజన వసతి. తారీఖు మీరే పెట్టుకున్నరా సారు. అన్నీ ఒక్కటొక్కటిగా వచ్చి నా ముందు నిలబడ్డాయి. మిల్లు దూరంగా కనిపించగానే దిగిపోయాను. గేటు పక్కన గోడచాటు నుంచి లోపలికి తొంగి చూశాను.

ఇప్పుడు చెప్పబోయే దృశ్యం నేను కల్పించి చెబుతున్నానని అనుకుంటారు. కల్పించే తెలివే ఉంటే ఆ కార్డు అలా వేయించేవాణ్ని కాదు.

గచ్చు మధ్యలో పీట. పీట మీద బంతిపూల దండలో, ప్రెస్సులో మిగిలిన నా కార్డు. దాని ముందు ఆకులో అన్నం, యాటకూర, పక్కన కుండలో కల్లు. పిట్టకు పెట్టారు. మా వైపు దినాలలో కాకి వచ్చి ఆ అన్నం ముట్టాలి. ముడితే పోయినవాడు తృప్తిగా వెళ్లాడని లెక్క. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని, ఆ కోరికేమిటో ఊహించి, తీరుస్తామని ఒక్కొక్కరూ మాటిస్తారు. మిల్లు గోడ మీద ఒక కాకి కూర్చుని ఉంది. అన్నం వంక కాకుండా రోడ్డు వంక చూస్తోంది.

మా అత్తమ్మ ఒక స్తంభానికి ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. మామ తలపట్టుకుని, "నేను నమ్మనే నమ్మలే. మొన్న ఫోన్ల గలగల మాట్లాడిండు. నిన్న వస్తనన్నోడు రాకపాయె, ఫోన్ కలవకపాయె..." అంటున్నాడు.

"పిట్ట ముడుతలేదు పటేలా," అన్నాడు ఒకతను. గొంతు గుర్తుపట్టాను. మునగాల సైదులు. తాటిచెట్టు మీంచి పడి మూడు రోజులు స్పృహ లేకుండా ఉంటే ఆపరేషన్ చేశాను. "సారుకు ఏదో కోరిక మిగిలింది."

"పెండ్లా?" అన్నారెవరో.

"పెండ్లి గాదు," అన్నాడు సైదులు. "సారు ఎప్పటికి ఒక్కటే అడిగేటోడు. మళ్లొకసారి రాండ్రి, నడిసి సూపియ్యుండ్రి, ముక్కు ముట్టుకోని సూపియ్యుండ్రి అని. మనమెవలం పోలే. కార్డు మీద కార్డు రాసిండు, పోలే. గదే కోరిక. గది తీరకుంటెనే పాణం ఇడిసిండు."

తర్వాత నలభై మంది లేచి పీట ముందు వరసగా నిలబడ్డారు.

ఆ వరస ఇప్పటికీ నా కళ్ల ముందుంది. మడమకు బొటనవేలు ఆనించి గీత మీద నడిచినట్టు గచ్చు ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తున్నారు, సరిగ్గా నేను ఆస్పత్రిలో నడిపించినట్టు. కళ్లు మూసుకుని చేతులు చాచి నిలబడుతున్నారు. వందలోంచి ఏడేడు తీసుకుంటూ వెనక్కి లెక్కపెట్టడమని ఒక పరీక్ష ఉంది. వాళ్లు దాన్ని భజనలాగా కలిసి చెబుతున్నారు. "తొంబై మూడు... ఎనబై ఆరు..." డెబ్బై తొమ్మిది దగ్గర కోదాడ వాళ్లకూ మిర్యాలగూడ వాళ్లకూ చిన్న వాదన జరిగింది.

"డెబ్బై తొమ్మిదండీ, ఎనభై కాదు!" అంది కోదాడ వైపు నుంచి వచ్చిన ఒకాయన భార్య.

"సారు ఇంటున్నడమ్మా, జర నిమ్మళంగ చెప్పు," అన్నాడు మిర్యాలగూడ ముసలాయన.

సైదులు కార్డు ముందు నిలబడి, చెయ్యి చాచి, చూపుడు వేలు నెమ్మదిగా ముక్కు కొసకు తెచ్చాడు. "సూడు సారు, ముట్టుకున్న. తప్పలే. బాగనే ఉన్న. నువ్వు బతికిచ్చినవ్, బాగనే ఉన్న. ఇగనన్న రా సారు."

నేను ఏడవాల్సిన చోటు అది. ఏడుపు వస్తోంది కూడా. కానీ పరిశోధన అనే ఆ బీమారి ఎంత ముదిరిందో చూడండి. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"ఎడమ చెయ్యితోని గూడ ముట్టుకో."

సైదులు బుద్ధిగా ఎడమచెయ్యి చాచాడు. ముక్కు దాకా తెచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. మెల్లగా వెనక్కి తిరిగాడు.

ఆ తర్వాత రెండు నిమిషాలు ఏం జరిగిందో వరసగా చెప్పలేను. ఆడవాళ్లు కేకలు పెట్టారు. ఇద్దరు గోడ దూకారు, వాళ్ల కాళ్లు బాగా పనిచేస్తున్నాయని తర్వాత రాసుకున్నాను. మామ పరుగెత్తుకొచ్చి నా చెయ్యి గిల్లి, చెంప గిల్లి, నిజమేనని తేలాక ఆ చెంప మీదే ఒకటిచ్చి, గట్టిగా కౌగిలించుకున్నాడు. అత్తమ్మ దగ్గరకు రాలేదు. నిలబడ్డచోటు నుంచే కార్డు తీసి నా మీదకు విసిరింది.

"నీ రీసెర్చ్ మీద మన్ను వొయ్య! మనిషికి బుద్ధుంటదా? బతికున్నోడు దినం కార్డు కొట్టిచ్చుకుంటడా?"

"అది దినం కార్డు కాదత్తమ్మా, ఫాలో అప్..."

"సూడు, నీ కండ్లతోని నువ్వే సూడు!"

అప్పుడే మొదటిసారి నా కార్డు నేను దగ్గరగా చూశాను. అచ్చం దినం కార్డే. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, యాదగిరి పనితనానికి వంక పెట్టడానికి లేదు. అంచు ఎంత నలుపంటే, నాకే నా మీద జాలేసింది.

"కార్డు చదవలేదా మీరు?" అన్నాను అందరినీ చూసి. "కీర్తిశేషులని ఎక్కడన్న ఉన్నదా?"

"ఎవలు చదువుతరు సారు?" అన్నాడు సైదులు. "పోస్టుమన్ గేటు కాడనే నిలబడి, మీ తలకాయ డాక్టరు పోయిండు, ఆయితారం పేటల దినాలు అన్నడు. లోపటికి తేవద్దని అంచు మీదనే పట్టుకోని సింపేసినం. ఫోటో ఒక్కటి దాసుకున్న." రుమాలు మడతలోంచి తీసి చూపించాడు. నా ఫోటో ముక్క, అంచుతో సహా.

"నేను బతికున్నప్పుడు మామూలు కార్డు రాసిన గదా? అప్పుడెందుకు రాలే?"

"అప్పుడు మీరు బాగనే ఉంటిరి గద సారు," అన్నాడు, ఇంత చిన్న విషయం కూడా తెలియదా అన్నట్టు. "బాగున్న మనిషి కాడికి తర్వాత పోవచ్చు. దినాలకు పోకుంటె ఎట్ల?"

ఇంతలో నాకు ఆ కల్లుకుండ మీద అనుమానమొచ్చింది. "ఇదెవరు తెచ్చిండ్రు?"

సైదులు తల దించుకున్నాడు. "నేనే సారు. పొద్దుగాల ఎక్కి తీసిన, మా తమ్ముని చెట్టు."

"నీకు చెట్టెక్కొద్దని చెప్పిన! జన్మల ఎక్కొద్దని చెప్పిన!"

"చెప్పినంక ఎక్కలే సారు, మీ మీద ఒట్టు. రెండేండ్లాయె. ఇయ్యాల్నే ఎక్కిన. మీ దినాలకు ఇంకొకని చేతి కల్లు పెడ్తె ఏం బాగుంటది? కాళ్లు వణికినయ్. అయినా ఎక్కిన."

అతన్ని తిట్టాలని నోరు తెరిచాను. గచ్చు మీద కూర్చుండిపోయి చాలాసేపు ఏడ్చాను. నా పేరును పుస్తకంలో భూతద్దంతో వెతుక్కుంటున్న ఈ రెండేళ్లూ, ఈ మనిషి నేను చెప్పిన ఒక్క మాట మీద తన కులవృత్తి మానుకుని కూర్చున్నాడు. నాకా సంగతి తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. అతను నాకు ఒక వరస సంఖ్య.

భోజనాలు పెట్టించాడు మామ. వండింది పారేయలేం కదా. తిన్నాక పెట్టె తెరిచి, వరసగా అందరినీ పరీక్షించాను. సుత్తితో మోకాలి మీద కొడుతుంటే, "గట్టిగ కొట్టుండ్రి సారు, మీ కోపం తీరాలె," అన్నాడు మిర్యాలగూడ ముసలాయన. కోపం ఎవరి మీద ఎవరికి ఉండాలో ఆయన తారుమారు చేశాడు.

జాబితాలో ఒక్క పేరు దగ్గర ఆగాను. నిడమనూరు మల్లయ్య. "మల్లయ్య రాలేదా?" అన్నాను.

ఒక మూలనుంచి ఒకావిడ లేచింది. చేతిలో కొత్త తువ్వాల మడత ఉంది, దినాల ఇంటివాళ్లకు పెట్టడానికి తెచ్చింది. "నేను ఆయన పెండ్లాన్ని సారు, లచ్చమ్మను. ఆయన పోయి ఏడాదాయె. తలకాయ మంచిగనే ఉండె. కామెర్లు వచ్చినయ్."

నా కాయితంలో మల్లయ్య పేరు ఎదురుగా నేను ముందే ఒక మాట రాసుకున్నాను. జాడ తెలియలేదు అని.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీకెట్ల చెప్పాలె సారు? పట్నంల మీ ఇల్లు తెల్వకపాయె. మేము కార్డులు కొట్టియ్యలే. మీరు మాత్రం మమ్ముల మర్వకుండ పంపిండ్రు. అందుకే వచ్చిన."

ఆమె ముందు తల ఎత్తలేకపోయాను. ఆమెను మరవకపోవడం వల్ల పంపలేదు నేను. జాబితాలో ఉంది కనుక యాదగిరి పంపాడు. ఆ మాట ఆమెకు చెప్పే ధైర్యం ఆ రోజు లేదు, ఇప్పుడు ఇక్కడ చెబుతున్నాను. తెచ్చిన తువ్వాల తిరిగి తీసుకెళ్లనంది. బతికున్నవాడికైనా పెట్టవచ్చని నా భుజం మీద వేసి వెళ్లింది.

వ్యాసం పంపాను. ఒక్కరూ తప్పిపోలేదు, పోయిన మల్లయ్య సంగతి కూడా తెలిసింది. వెంటనే అచ్చువేశారు. ఏడాది తిరక్కుండానే లైబ్రరీలో భూతద్దం కింద నా పేరు, దాని కింద ఇంకొకరి పేరు! లైబ్రేరియన్‌ను కౌగిలించుకున్నాను. ఆయన భూతద్దం జాగ్రత్త చేసుకున్నాడు.

ఆ పేర్కొన్నది ఒక పెద్ద విదేశీ న్యూరోసర్జన్. తాటిచెట్ల గురించి ఆయనకేమీ పట్టలేదు. రోగులందరూ తిరిగి రావడమే ఆయనకు నిద్ర పట్టనివ్వలేదు. నాకు ఉత్తరం రాశాడు. "ఇంతటి ఫాలో అప్ నేను ఎక్కడా చూడలేదు. మీ పద్ధతేమిటి? దయచేసి వివరించండి."

ఏమని వివరించను? "వ్యక్తిగత ఆహ్వాన పత్రం ద్వారా," అని గంభీరంగా ఒక్క వాక్యం రాశాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? మా పద్ధతి కళ్లారా చూడనీ అని, మిగిలిన కార్డు ఒకటి నమూనాగా కవరులో పెట్టాను.

ఆయనకు తెలుగు రాదు. కవరు తెరవగానే ముందు కార్డే చేతికి వచ్చి ఉంటుంది. చుట్టూ నల్లంచు, మధ్యలో నా ఫోటో, కింద అర్థం కాని అక్షరాలు. నల్లంచు అంటే వాళ్ల దేశంలో కూడా అదేనట. నా ఉత్తరం కవరులోనే ఉండిపోయిందో ఏమో తెలియదు గానీ, ఆయన తర్వాతి వ్యాసంలో నా పరిశోధనను పొగుడుతూ సగం పేజీ రాసి, కింద గౌరవంగా ఒక వాక్యం చేర్చాడు. ఈ పని చేసిన భారతీయ వైద్యుడు ఇటీవల అకాల మరణం చెందారని, ఆయనకు నివాళి అని.

ఆయన పెద్దమనిషి. ఆయన రాసింది చూసి మిగతావాళ్లంతా రాశారు. ఎవరూ నా వ్యాసం చదవలేదు, ఆయన వాక్యాన్నే ఎత్తి రాసుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు నన్ను పేర్కొనడం మొదలుపెట్టారు. ప్రతిచోటా నా పేరు ముందు, కీర్తిశేషులు అనే అర్థమిచ్చే మాట. నేను బతికే ఉన్నానని పత్రికకు ఉత్తరం రాశాను. చివరి పేజీలో, సవరణలనే శీర్షిక కింద, చీమ తలకాయలోని చీమ మెదడంత అక్షరాల్లో వేశారు. సవరణలు ఎవరు చదువుతారు?

చూస్తుండగానే నా పేరు కింద పేజీ నిండింది. ఒకరోజు మా ప్రొఫెసర్ గారు ఆ లావుపాటి పుస్తకం పట్టుకుని నన్ను గదికి పిలిచారు. తలుపు వేసి, గొంతు తగ్గించారు.

"ఏమయ్యా, పాతికేళ్లు బతికి రాసినా నాకిన్ని రాలేదు. ఆ ప్రెస్సు సూర్యాపేటలో ఎక్కడ?"

కనుక చదువరులందరి సాక్షిగా, రెండు చేతుల వేళ్లూ ముక్కు కొసకు ఆనించి ప్రమాణం చేస్తున్నాను. నా పేషెంటు ఎలా ఉన్నాడో తెలుసుకోవాలంటే ఇకమీదట నేనే బస్సెక్కి వాళ్ల గడపకు వెళతాను. ఒంట్లో ఊపిరుండగా నా ఫోటో చుట్టూ నల్లంచు గీయించను. ఆ తర్వాత ఎవరైనా గీయించి పంపితే మాత్రం నమ్మి రండి. ఈసారి మధ్యలో వచ్చి మీ కార్యక్రమం చెడగొట్టను.